పండుగకు పోయి నజరేతుకు తిరిగివచ్చిన బాలుడు

ధ్యానభాగము: లూకా 2:41–52



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వానలు తప్పిన యేట అనేక కుటుంబములు సుగ్గికి పోవుట మీరెరిగినదే. గుంటూరు సీమలో మిరపకాయలు కోసి, పత్తి తీసి, ఆ కూలితో పిల్లలను చదివించిన తలిదండ్రులు మన సంఘములలో నున్నారు. ఆ పిల్లలలో కొందరు నేడు బెంగుళూరులోను హైదరాబాదులోను సాఫ్ట్‌వేరు పని చేయుచున్నారు. వారు అప్పుడప్పుడు తమ వృత్తివారు కూడు సభలకు పోవుదురు. వాటిని కాన్ఫరెన్సులందురు.

ఇంటియొద్ద తల్లి అడుగును: "ఉద్యోగముండగా ఈ సభలెందుకు నాయనా? ఆదివారము కూడ అక్కడనేనా?" కుమారుని బాధ వేరు: "అమ్మా, అక్కడ అందరును ఇంగ్లీషులో గలగల మాటలాడుదురు. నేను తెలుగు మీడియమువాడను. వెనుక వరుసలో కూర్చుండి, భోజనము చేసి వచ్చెదను." ఈ యిద్దరికిని మన ధ్యానభాగములో జవాబున్నది.

మొదట ఆ సభ యెట్టిదో తెలిసికొందము. పైథాన్ అను కంప్యూటరు భాషతో పనిచేయువారు 2009లో బెంగుళూరులో పైకాన్ ఇండియా అను సభను మొదటిసారి జరిపిరి. 2018లోను 2023లోను అది హైదరాబాదులో కూడెను. దానిని నడుపువారు జీతమునకు కాక స్వచ్ఛందముగా పనిచేయువారు. ఒకడు తాను నేర్చినది వేదికమీద చెప్పును. కొందరు వరండాలో నిలువబడి తమ చిక్కులు ఒకరికొకరు చెప్పుకొందురు. క్రొత్తవారును నిలువబడి మాటలాడుటకు ఐదేసి నిమిషముల చిన్న ప్రసంగములుండును.

ఎమ్మిగనూరువారికి ఇట్టి కూడిక వింత కాదు. 1938లో మాచాని సోమప్పగారి నాయకత్వమున అక్కడి నేతపనివారు సహకార సంఘముగా కూడిరి. ఒంటరిగా మగ్గము గుంటలో కూర్చున్నవాడు తన పోగునే చూచును. నలుగురితో కూడినవాడు సంతను కూడ చూచును.

ఇప్పుడు పండ్రెండేండ్ల బాలుడైన యేసును చూడుడి. ఆయన పండుగకు యెరూషలేమునకు పోయి, బోధకుల మధ్య కూర్చుండి, వారి మాటలు వినెను. ఆయన వెనుక దాగలేదు, వేదికమీదికి ఎగబ్రాకలేదు. యౌవనస్థుడా, కంపెనీలవారు పంచు సంచులకును బనియన్లకును తిరుగుచు, పెద్దవారి ప్రక్కన ఫొటోలు తీయించుకొనుచు దినము గడిపినయెడల నీవు సభకు పోయినట్లు కాదు. అగ్రపీఠములు కోరువారిని గూర్చి మన ప్రభువు చెప్పినది మరువకుము (మత్తయి 23:6). కూర్చుండుము, వినుము.

రెండవది, ఆయన ప్రశ్నలడిగెను. సర్వజ్ఞానమునకు మూలమైనవాడే ప్రశ్నించుటకు సిగ్గుపడనప్పుడు నీకెందుకు సిగ్గు? మోషే కూడ తన నాలుక మాంద్యమును దేవునికి చెప్పుకొనెను (నిర్గమ 4:10). దేవుడు అతనికి అహరోనును తోడిచ్చెను. నీ ప్రశ్నను ముందే కాగితముమీద వ్రాసికొని పొమ్ము. తడబడినను అడుగుము. ప్రోగ్రాములోని తప్పును నలుగురికి చెప్పలేనివాడు దానితో రాత్రియంతయు ఒంటరిగా పోరాడవలెను. ఆ సభలో నీ తల్లి సుగ్గికి పోయిన సంగతి దాచనక్కరలేదు. ఆ చేతుల కష్టమే నిన్నక్కడికి చేర్చెను.

ఆదివారపు సంగతి కూడ చెప్పవలెను. ఇట్టి సభలు తరచుగా శని, ఆదివారములలోనే జరుగును. తన తండ్రి పనులమీద నుండుటయే మొదటిదని యేసు చెప్పెను గదా. ఆ పట్టణములలో ప్రాతఃకాల ఆరాధన జరుగు దేవాలయములున్నవి. ముందుగా విచారించుకొని, ఆరాధించి, పిమ్మట సభకు పొమ్ము. ఒక ప్రసంగము తప్పినను అనేకమారులు దానిని తరువాత వీడియోలో చూడవచ్చును. తప్పిన ఆరాధన అట్లు దొరకదు.

మూడవది, ఆయన నజరేతుకు తిరిగివచ్చెను. పెద్ద పట్టణములో బోధకులను ఆశ్చర్యపరచినవాడు చిన్న ఊరికి వచ్చి తలిదండ్రులకు లోబడెను. సుగ్గికి పోయినవాడు ఒట్టిచేతులతో ఇల్లు చేరడు; సభకు పోయినవాడును చేరరాదు. గుడారపు పనికి దేవుడు బెసలేలుకు నేర్పు ఇచ్చినప్పుడు, ఇతరులకు నేర్పు మనస్సు కూడ ఇచ్చెను (నిర్గమ 35:34). పనితనముతోకూడ వచ్చిన ఆ రెండవ వరమును మనము తరచుగా మరచుచున్నాము. నీవు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, ఆరాధన ముగిసిన తరువాత, గుడి వరండాలో పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి నీ ల్యాప్‌టాప్ తెరువుము. నీవు విన్నది తెలుగులో చెప్పుము. పొలముతప్ప వేరే పని చూడని పిల్ల ఆ దినమున ఏమి కల కనునో ఎవరెరుగుదురు?

తలిదండ్రులారా, మరియ తన కుమారుని అడిగెను. ఆయన జవాబు ఆమెకు బోధపడలేదు. అయినను దానిని హృదయములో భద్రము చేసికొనెను. మీరును అడుగుడి. బోధపడకున్నను తృణీకరింపక ప్రార్థనతో పంపుడి.

మన యౌవనస్థులు జ్ఞానమందును, దేవుని దయయందును, మనుష్యుల దయయందును వృద్ధిపొందునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.