భాష తెలియని చోట భాగవతుడు

తీర్థయాత్రకు బయలుదేరువారు దారిఖర్చును, మడిబట్టలను, మందులను సమకూర్చుకొందురు. మాటను మాత్రము ఇంటినుండి కొనిపోవుటకు వీలుపడదు. స్వగ్రామమున నలుగురికి తగవులు తీర్చు పెద్దమనిషియే యైనను, ఏకాకియై శ్రీరంగమునకో బదరికాశ్రమమునకో చేరినపుడు, మంచినీటికై చేసైగ చేయవలసివచ్చును. అప్పుడు మనస్సు చిన్నబోవును. మాట చెల్లని చోట మనిషి విలువయు తగ్గునా యను సందేహము కలుగును.

ఈ సందేహమునకు శ్రీమద్రామాయణమున చక్కని సమాధానము కలదు. ఆంజనేయుడు సామాన్యుడు కాడు. ఆతని వాక్కును విని, వ్యాకరణమును సమగ్రముగా నేర్చినవాడని శ్రీరామచంద్రుడే కిష్కింధాకాండమున ప్రశంసించెను. అట్టి వాగ్మి నూరు యోజనముల సముద్రమును ఒంటరిగా దాటి, అశోకవనమున శింశుపావృక్షముపై దాగి, సీతమ్మతో ఏ భాషలో మాటలాడవలెనని చాలసేపు తర్కించుకొనెను. ద్విజునివలె సంస్కృతము పలికినచో, ఆమె తనను రావణుడని తలచి భీతిల్లును. ఆమె కేకకు రాక్షసస్త్రీలు గుమికూడుదురు. వచ్చిన కార్యము చెడును. కావున మానుషవాక్యమునే ఎన్నుకొని, మొదట రామకథను మధురముగా వినిపించెను. అంతమాత్రమున తల్లికి నమ్మకము కలుగలేదు. ఆతడు విసుగు చెందక శ్రీరాముని దేహలక్షణములను వివరించిన పిదపనే విశ్వాసము కుదిరెను. ఆపైననే అంగుళీయకమును సమర్పించెను.

తన పాండిత్యమునకు ఏది శోభ యని హనుమంతుడు చూడలేదు. ఎదుటివారి భయమును ఏది తీర్చునని చూచెను. పరదేశమున యాత్రికుడు నేర్వవలసిన పాఠమిదియే. తన మాట అర్థము కానపుడు దానినే మరింత బిగ్గరగా అరచుట వలన ప్రయోజనము లేదు. నీరు, అన్నము, దారి, వెల అను నాలుగు మాటలను ఆ ప్రాంతపు భాషలో ముందుగా నేర్చుకొనుట, బసయొక్క పేరును అచ్చటి లిపిలో వ్రాయించి దగ్గర నుంచుకొనుట మేలు. నేడు చేతిలోని ఫోను సయితము మాటను తర్జుమా చేయును. కాని నమ్మకమును కలిగించునది ఓర్పు, వినయములే.

మరియు శ్రీవైష్ణవునకు ఏ దివ్యదేశమును పూర్తిగా పరాయిది కాదు. పెరుమాళ్ళు, తిరుమంజనము, తళిగ, శాత్తుమొర అను తమిళపదములు తెలుగు గృహములలో నిత్యము వినబడుచునే యున్నవి. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినిపింపబడును. తమిళమున పాడిన ఆ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగున రచించెను. హిమాలయమున గఢ్వాలీ పలుకువారి నడుమ వెలసిన బదరీనాథుని అర్చించు రావల్, కేరళకు చెందిన నంబూద్రి. భగవత్కైంకర్యమునకు భాషాభేదము అడ్డు రాలేదు.

ఇంతకంటె లోతైన విషయము మరియొకటి కలదు. ప్రపన్నునకు ఆకించన్యము, అనగా తనకంటూ ఏ ఆధారమును లేదను భావన, ముఖ్యమని పెద్దలు చెప్పుదురు. ఇంట నున్నపుడు ఈ మాట నోటితో అనుట సులభము. భాష తెలియని ఊరిలో, చదువు, పలుకుబడి, వాక్చాతుర్యము ఏవియు అక్కరకు రాక, ఎవరో అపరిచితుడు చేయిపట్టి కోవెల గోపురము చూపినపుడు దాని అర్థము అనుభవమునకు వచ్చును. చేయి చాచి సహాయమడుగుట అవమానము కాదని అప్పుడే తెలియును.

ఇట్లు తెలిసికొన్నవారికి, ఇల్లు చేరిన పిదప ఒక విధి కలదు. తిరుమలకు హిందీ, కన్నడము, తమిళము, మరాఠీ పలుకు భక్తులు నిత్యము వచ్చుచుందురు. వరుసలో దిక్కుతోచక నిలచిన ముసలమ్మకు తెలుగు రాకపోవుట దోషము కాదు. ఆమెను తెలివిలేనిదానిగా చూచి కసరుకొనుట మాత్రము భాగవతాపచారమే యగును. ఒక్క నిమిషము నిలిచి, ఆమె సైగను గ్రహించి, నాలుగడుగులు వెంట నడచిన చాలును. అట్టి ఓర్పును, దయను శ్రీనివాసుడు భక్తులందరికి ప్రసాదించుగాక!