యంత్రం పాలిస్తుందా?



వానలు పడ్డాయంటే మా గుడి ఆవరణలో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. ఊళ్లోని ఒక అవ్వ కొడవలి పట్టుకొని వచ్చి, ఆ గడ్డి కోసి, మోపు కట్టి తన బర్రెకు మోసుకుపోతుంది. మేము ఆమెకు కూలి ఇవ్వము, ఆమె మాకు గడ్డి ధర ఇవ్వదు. ఎన్నో ఏండ్లుగా ఇదే ఏర్పాటు.

మొన్న అమెరికాలో స్థిరపడిన మన విచారణ బిడ్డ ఒకరు ఫోన్ చేసి, "ఫాదర్, మా పెద్ద పెరట్లో గడ్డి కోసే రోబో ఉంది. గుడికి కూడా ఒకటి కానుకగా ఇస్తాను" అన్నాడు. వీడియో పంపాడు. తాబేలులాంటి చిన్న బండి అది. దాని అడుగున గిరగిర తిరిగే చిన్న బ్లేడ్లుంటాయి. ఎవరూ తోయకుండానే పచ్చిక మీద తిరుగుతుంది. హద్దుగా పాతిన తీగను దాటదు. బ్యాటరీ తగ్గితే తనంతట తానే వెళ్లి ఛార్జింగు పెట్టుకుంటుంది. రోజూ కొద్దికొద్దిగా కోసే గడ్డి నలుసులై అక్కడే రాలి ఎరువవుతుంది.

సంతోషం పట్టలేక ఆ వీడియో అవ్వకు చూపించాను. ఆమె చూసి, "కోస్తే కోసిందిగని ఫాదర్, గది పాలిస్తదా?" అన్నది. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఈ విషయం ఆలోచించాడు. నాడె తనంతట తానే బట్ట నేయగలిగితే యజమానులకు బానిసలు అవసరముండదని తన రాజనీతి గ్రంథంలో రాశాడు. యంత్రం మనిషిని దాస్యం నుండి విడిపిస్తుందనే ఆశ అంత పాతది. ఆ ఆశ తప్పు కాదు. దానికి సాక్ష్యం మన ఆలేరు పక్కనే ఉంది.

శారాజీపేటలో చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మిగారు ఆసు పోసేవారు. రోజుకు రెండు చీరలకు ఆసు పోయాలంటే చేయి సుమారు 18,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ కొడుకు 1992లో యంత్రం తయారుచేయ పూనుకొని, ఎన్నో కష్టాలు పడి 1999లో పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఆ యంత్రం ఆడవారి భుజాల నొప్పిని తీసివేసింది గాని మగ్గాన్ని తీసివేయలేదు, చీరను తీసివేయలేదు.

మరి గడ్డి కోసే రోబో సంగతి? అవ్వ నడుము కూడా వంగిపోయింది గదా, ఆమెకూ అది మేలే గదా అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ఆ యంత్రం ఆమె శ్రమతోబాటు ఆమె గడ్డిని కూడా తీసుకుపోతుంది. మిగిలేది మనకు అందమైన పచ్చిక, ఆమెకు ఖాళీ గాబు.

లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు పంటకోసేవారికి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. పొలం అంచులదాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టమన్నాడు. బోవాజు పొలంలో రూతు ఏరుకొన్నది ఆ పరిగెనే. గుడి ఆవరణలోని గడ్డి అవ్వకు పరిగె. యంత్రానికి హద్దు తీగ తెలుస్తుంది గాని పరిగె తెలియదు. దానిని తెలుసుకోవలసినది యజమాని.

ఆదికాండము 2వ అధ్యాయం చూడండి. తోటను సేద్యం చేయటానికి, కాపాడటానికి దేవుడు మనిషిని అందులో ఉంచాడు. అది పాపానికి ముందటి మాట. చెమటా, నొప్పీ తరువాత వచ్చాయి. కనుక యంత్రం చెమటను తగ్గించవచ్చు. కాపాడే బాధ్యతను మాత్రం మనం దానికి అప్పగించలేము. ఐరోపాలో ఇలాంటి యంత్రాలు రాత్రివేళ తిరిగి హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్లజంతువులను గాయపరుస్తున్నాయి. ఆపద వస్తే అది పారిపోదు, ముడుచుకుంటుంది. అందుకే జర్మనీలోని కొలోన్ నగరం 2024లో వాటిని రాత్రిపూట నడపరాదని ఆజ్ఞ ఇచ్చింది. జాలిపడి ఆ ఆజ్ఞ ఇచ్చినది మనుషులే.

1981లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో, పని మనిషి కొరకే గాని మనిషి పని కొరకు కాదని బోధించారు. యంత్రానికీ అదే కొలబద్ద.

చివరకు నేను మొదటే చేయవలసిన పని చేశాను. అవ్వను కూర్చోబెట్టి, "నీకు కష్టమేంది?" అని అడిగాను. "కోసుడు కాదు ఫాదర్, మోసుడే పానం తీస్తది" అన్నది. ఇన్నేండ్లూ మోపు ఎత్తించిన నాకు ఆ సంగతి తెలియలేదు! ఆ బిడ్డకు ఫోన్ చేసి, రోబోకు బదులు ఒక తోపుడు బండి కొనివ్వమన్నాను. మనసు నొచ్చుకోలేదు, నవ్వి ఒప్పుకున్నాడు.

ప్రియ కుటుంబాలారా, మీ ఇంటికి, మీ పొలానికి యంత్రాలు తప్పక వస్తాయి, రానివ్వండి. బట్టలుతికే మిషను తల్లి నడుముకు విశ్రాంతినిస్తే దేవునికి స్తోత్రం. కాని కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి నొప్పి తీస్తుంది? ఎవరి పరిగె తీస్తుంది? జవాబు మీకు మీరే చెప్పుకోకండి. ఆ పని చేసే మనిషిని పిలిచి, కూర్చోబెట్టి అడగండి.