మంటి ఋణము

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని పెద్దలు మూడు ఋణములను చెప్పిరి. అయితే ఏటేట తన సారమును ధాన్యముగా మన గాదెలకు పంపుచున్న మంటికి మనము పడిన ఋణము మాట యేమి?

కడప సీమయందు బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించిన పోరుమామిళ్ల చెరువునకు సంబంధించిన 1369 నాటి శాసనము, తటాకమునకు ఉండరాని ఆరు దోషములను చెప్పుచు, చౌడునేలను అందొకటిగా పేర్కొన్నది. నీటిని తలచినప్పుడే నేలనుగూడ తలచిన వివేకమది.

వేసవిని ఎండిన చెరువులోని ఒండ్రును బండ్లతో తోలి ఎర్రనేలలపై పఱచుట, కోత ముగిసిన చేలలో గొఱ్ఱెల మందను నిలుపుట, వేరుసెనగ సాళ్ల నడుమ కందిని విత్తుట, ఇవి కేవలము సేద్యపు నేర్పులు కావు. తీసికొన్నదానిని తిరిగి యిచ్చు ప్రత్యర్పణములు. కంది వేళ్లయందలి బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చును. ఎరువు బస్తా పైరునకు బలమిచ్చునే కాని, ఆకు అలము చివికిన సత్తువ లేని నేలలో తేమను నిలుపజాలదు. వాన కరవైన సీమలో ఆ తేమయే ప్రాణము.

భూమి తన సొత్తని తలచువానికి దిగుబడియే కొలత. తనయొద్ద నుంచబడిన న్యాసమని తలచువానికి, బిడ్డలకప్పగించునాడు మన్ను ఏ స్థితిలో నుండునన్నదియే కొలత. ఈ రెండవ కొలతనే నేను ధర్మమందును.