చూసినవాడి బాకీ

ఒక మనిషిని గానీ వస్తువును గానీ చూసినందుకు, చూసినవాడు ఏమైనా బాకీ పడతాడా? ఉత్తగా చూస్తే బాకీ ఏముంటుంది, కండ్లున్నాయి కాబట్టి చూస్తాం అనవచ్చు. కానీ చూసినదాన్ని పట్టుకుపోయి, పదిమందికి చూపించి, దానితో పేరో డబ్బో సంపాదించుకుంటే అప్పుడూ బాకీ లేనట్టేనా? ఈ ప్రశ్న మాకు రెండు దిక్కుల నుంచి ఎదురైంది. ఒకటి, మా గూడేల మీద తీస్తున్న డాక్యుమెంటరీలు. రెండు, మా పాత సైకిళ్ళకు దొరకని సామాన్లు. ఈ రెంటికీ పొత్తేమిటని అనిపిస్తుంది. ఉంది. అదే ఇక్కడ చెప్పదలచుకున్నాం.

ఈ మధ్య వస్తున్న డాక్యుమెంటరీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. మొదట డ్రోను ఆకాశం నుంచి అడవిని చూపిస్తుంది. తర్వాత పొగమంచు, వెంట పిల్లనగ్రోవి పాట. ఆ తర్వాత ఒక ముసలమ్మ ముడతల మొహం తెర నిండా. ఆమె గోండీలో ఏదో చెప్పబోతుంది. రెండు మాటలు కాకముందే ఆమె గొంతు తగ్గిపోయి, ఇంకెవరిదో గొంతు ఇంగ్లీషులోనో హిందీలోనో అందుకుంటుంది. ఆమె అన్నది ఒకటి, ఆ గొంతు చెప్పేది ఇంకొకటి. మా భాష తెలిసినవాళ్ళకు అది తెలిసిపోతూనే ఉంటుంది. తెర కింద ఆమె పేరుండదు, 'గిరిజన మహిళ' అని ఉంటుంది. అదే సినిమాలో మా గురించి మాట్లాడే ప్రొఫెసరు గారికి మాత్రం పేరు, హోదా, యూనివర్సిటీ అన్నీ ఉంటాయి.

ఇలాంటి సినిమాల్లో తరచుగా ఒక సైకిలు కనిపిస్తుంది. నల్లటి పాత సైకిలు, క్యారియరు మీద బస్తా, పొద్దుగూకే వేళ, నీడలా కనిపించే మనిషి. కెమెరా చక్రానికి దగ్గరగా వచ్చి తిరుగుతున్న స్పోకులను నెమ్మదిగా చూపిస్తుంది. చూసేవాళ్ళకు అందులో ఒకరికి వెనకబాటుతనం, ఇంకొకరికి అమాయకమైన బతుకు కనబడతాయి. ఆ సైకిలు ఎవరిది, ఎన్ని చేతులు మారింది, బస్తాలో ఉన్నవి కందులా ఇప్పపువ్వా, సంతకు ఎన్ని మైళ్ళు, వెనక బ్రేకు పడుతోందా లేదా అన్నది సినిమా అడగదు. అడగకపోగా, పక్కనున్న మోటారు సైకిలును చాటుకు నెట్టమంటారు. ప్లాస్టిక్ కుర్చీ తీసేయమంటారు. సెల్‌ఫోను జేబులో పెట్టుకోమంటారు.

ఇది ఇవాళ పుట్టిన అలవాటు కాదు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా ఉత్తరాన ఇన్యూట్ ప్రజల మీద తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' డాక్యుమెంటరీలకు మొదటి మెట్టు అంటారు. అందులో నానూక్‌గా కనిపించిన మనిషి అసలు పేరు అల్లాకరియల్లాక్. అప్పటికే అక్కడ తుపాకులతో వేటాడుతున్నా, సినిమా కోసం పాత పద్ధతిలో బల్లేలతో వేటాడించారు. మంచు ఇంటి లోపల వెలుతురు చాలదని, ఒక పక్క తెరిచి ఉంచిన ఇల్లు కట్టించి అందులో పడుకోబెట్టి తీశారు. ఆ సినిమా అందంగా లేదని మేం అనడం లేదు. నూరేళ్ళు దాటినా మోటారు సైకిలును చాటుకు నెట్టమంటున్నారు చూడండి, అది చెబుతున్నాం.

ఇప్పుడు అదే సైకిలును షాపాయన ఎలా చూస్తాడో చెబుతాం. ఆయన కూడా చక్రాన్ని తిప్పి చూస్తాడు. సైకిలును తలకిందులు చేసి, రిమ్ము దగ్గర వేలు పెట్టి, ఎక్కడ తగులుతోందో చూసి బెండు తీస్తాడు. పాత సైకిలుకు ముందు చక్రంలో 32 స్పోకులు, వెనక చక్రంలో 40 ఉంటాయి. బరువంతా వెనక పడుతుంది కాబట్టి ఆ లెక్క. తొక్కుతుంటే టక్ టక్ మంటోందంటే కాటర్ పిన్ను అరిగిందని ఆయనకు వినగానే తెలుస్తుంది. పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క అది. సినిమావాళ్ళు పిల్లనగ్రోవి పెట్టి కప్పేసిన శబ్దం బహుశా అదే.

కెమెరామనూ చక్రాన్ని తిప్పి చూశాడు, షాపాయనా తిప్పి చూశాడు. ఒకరి చూపు బొమ్మతో ఆగింది. ఇంకొకరి చూపు ఆ సైకిలు రేపు సంతకు పోవడం దాకా వెళ్ళింది.

అయితే షాపాయన చేతులు కూడా ఇప్పుడు కట్టేసినట్టే ఉన్నాయి. పాత రకం టైరు, ట్యూబు ఇంకా దొరుకుతున్నాయి. కానీ కడ్డీ బ్రేకుల సామాను అడిగితే పట్నం షాపులో కొత్త కుర్రాడు అదేమిటని అడుగుతాడు. 40 రంధ్రాల వెనక రిమ్ము అడిగితే 36 రంధ్రాలది తెచ్చి చూపిస్తాడు. హబ్బులో ఒక్క కోను అరిగితే హబ్బు మొత్తం మార్చమంటాడు, హబ్బు మార్చాలంటే చక్రం మార్చమంటాడు, చివరికి కొత్త సైకిలు కొనుక్కోవడం మేలంటాడు. ఇత్తు చెడితే చేను అమ్ముకోమన్నట్టుంది. దాంతో షాపాయన తుక్కులో పడ్డ సైకిళ్ళను విప్పి, పనికొచ్చే ముక్కలు డబ్బాల్లో దాచుకుంటున్నాడు. కాటర్ పిన్ను కొలతకు రాకపోతే ఆకురాయితో అరగదీసి దిగగొడుతున్నాడు. సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న పని ఆగింది. అది ప్రపంచ సైకిల్ దినం. ఆ రోజున సైకిలు గొప్పతనం గురించి మాటలకు కొదవ లేదు.

పాతదంతా బంగారమని మేం అనడం లేదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన పాత రాలీ సైకిళ్ళకు కొన్నిచోట్ల అంగుళానికి 26 మరచుట్లు ఉండేవి, మిగతా కంపెనీలకు 24. ఒకరి ముక్క ఇంకొకరి సైకిలుకు పట్టేది కాదు. కొన్నవాడిని తమ దగ్గరే కట్టేసుకునే తెలివి ఆనాడూ ఉంది. మా పిల్లలు మోటారు సైకిలు కావాలంటున్నారు, మేమూ కాదనడం లేదు. పాత సైకిలు మాకు ముచ్చట కాదు. పెట్రోలు పోయకుండా బస్తా మోస్తుంది కాబట్టి ఉంచుకున్నాం. అందుకే దాన్ని అందమైన గురుతుగా చూపిస్తే ఒళ్ళు మండుతుంది. వాడకంలో ఉన్నదానికి సామాను దొరకదు, దాని బొమ్మకు మాత్రం గిరాకీ. మా భాష సంగతీ అంతే. బళ్ళో దానికి చోటు లేదు, సినిమా మొదట్లో రెండు మాటలు వినిపించడానికి మాత్రం కావాలి.

'సినిమా తీసేవాడి పని చూపించడం, బాగుచేయడం కాదు' అని ఒకరు అడగవచ్చు. న్యాయమైన మాటే. డాక్టరు పని డాక్టరుది, రాసేవాడి పని రాసేవాడిది. ప్రతి కెమెరామనూ స్పానరు పట్టుకోవాలని మేం అడగడం లేదు. కానీ చూపించడమే పని అయితే ఆ పనైనా పూర్తిగా చేయాలి కదా. కాటర్ పిన్ను ఎలా దిగగొడతారో మొదటి నుంచి చివరిదాకా చూపించడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు డ్రోనుకు పోతున్నాయి.

చెప్పేవాడికీ ఎవరి గురించి చెబుతున్నాడో వాళ్ళకీ మధ్య ఏం ఉండాలన్నది మా దగ్గర కొత్త ఆలోచన కాదు. మా గోండుల వంశాల కథలు చెప్పేవాళ్ళు ప్రధాన్లు. కిక్రీ వాయిస్తూ, ఏ ఇంటిపేరువాళ్ళ కథ ఆ ఇంటివాళ్ళ ముందే కూర్చుని చెబుతారు. తప్పు పోతే పెద్దలు అక్కడికక్కడే అందుకుంటారు. విన్నందుకు ఇంటివాళ్ళు ధాన్యమో పశువో ఇచ్చుకుంటారు. పెళ్ళికీ చావుకూ ప్రధాన్ రావాలి. వచ్చినవాడికి వీళ్ళు పెట్టాలి. కథ అక్కడ రెండు వైపులా బాకీ. మా మొహాలతో తీసిన సినిమా ఎక్కడో పండగల్లో ఆడి బహుమతులు తెచ్చుకుంటుంది, మా ముందు మాత్రం ఆడదు. మేం 'ఇది తప్పు' అనడానికి చోటే ఉండదు.

బయటివాళ్ళు ఈ బాకీ తీర్చలేరని కూడా మేం అనడం లేదు. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం అమరుడైన తర్వాత, కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపితే హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదుకు వచ్చాడు. ఆయన కూడా ఫోటోలు తీశాడు, పుస్తకాలు రాశాడు. కానీ భార్య బెట్టీతో మార్లవాయిలో కాపురముండి గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు, గోండీ వాచకాలు తయారు చేయించాడు, భూమి పట్టాల కోసం సర్కారుతో వాదించాడు. ఆయన రాసిన ప్రతి మాటా ఒప్పుకోవాలని లేదు. పాలకులు పంపితే వచ్చినవాడే. అయినా చూసి వెళ్ళిపోలేదు. ఆ ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి.

అందరినీ అంత చేయమని అడగలేం. మేం అడిగేవి చిన్నవి. తెర మీద మా పేర్లు రాయండి. మా మాట పూర్తయ్యేదాకా మా గొంతు తగ్గించకండి, అర్థం కింద అక్షరాల్లో వేయండి. చేతిపని చూపిస్తే మొదలు నుంచి తుది దాకా చూపించండి, రేపు మా పిల్లలు అది చూసి నేర్చుకునేలా. తీసిన సినిమాను లోకానికి చూపించే ముందు తీసిన ఊళ్ళో ఆడించండి, తప్పుంటే చెప్పనివ్వండి. ఒక కాపీ ఊరి బడిలో ఉంచండి. వచ్చేటప్పుడు పట్నంలో 40 రంధ్రాల రిమ్ము దొరికితే తీసుకురండి, డబ్బులిస్తాం.