రెండోసారి చూపు

“బొమ్మ చూసి సంతోషించడానికి కూడా చదువు కావాలిటే?” అన్నారు మా అత్తగారు, రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి చిత్రశాలలోకి అడుగుపెడుతూ.

నేనప్పటికి పంతులమ్మనై పోయాను. ఆయన 1897లో ఈ ఊళ్ళోనే పుట్టారనీ, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొరగారు ఆ చేతిలోని పనితనం గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు పంపించారనీ, తిరిగొచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టారనీ, భార్య సత్యవాణిగారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారూ కూడా బొమ్మలు వేసేవారనీ ఏకరువు పెట్టాను.

ఆవిడ వింటేగా! ‘పుష్పాలంకారం’ ముందు నిలబడిపోయారు. నేను హాలంతా చుట్టి వచ్చినా అక్కడే ఉన్నారు.

“మా అమ్మ నాకు పూలజడ వేసిన రోజు గుర్తొచ్చిందే. ఆవిడ చేతులు మళ్ళీ కనిపించాయి” అన్నారు.

నాకు సిగ్గేసింది. తారీఖులన్నీ తెలిసిన నేను ఆ బొమ్మ దగ్గర రెండు నిమిషాలైనా నిలవలేదు.

అలాగని తెలుసుకోవడం వృథా అనను. బయటికి వస్తూ, “1925లో మశూచి సోకి పోయారు అత్తయ్యగారూ, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే” అన్నాను. “అయ్యో, అంత పసివాడా!” అని ఆవిడ మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ బొమ్మ చూసివచ్చారు.

ఇష్టం మనల్ని మొదటిసారి ఆపుతుంది. చరిత్ర రెండోసారి చూడమంటుంది. రెండూ కలిస్తేనే చూసినట్టు. బొమ్మలకే కాదు, మనుషులకీ అంతేనేమో! ఇంట్లోవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాం. అలవాటైన మొహాన్ని రెండోసారి చూసేదెవరు?

ఆ రాత్రి ఆవిడ కనకాంబరాలు మాల కడుతుంటే పక్కన కూర్చున్నాను. కుడిచేతి వేలొకటి వంకరగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేతి వంట తింటున్నాను.

“ఇదెప్పుడైందండీ?”

“నువ్వు కాపరానికొచ్చిన ఏడాదే. పిండి రుబ్బుతుంటే పొత్రం కింద నలిగింది. కొత్తకోడలివి, కంగారుపడతావని చెప్పలేదు.”

కంగారుపడే దాన్నో లేదో! అసలు చూసుంటేగా?

చిత్రశాలకు వెళ్ళి ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, ఆ వేలు సంగతే చెబుతాను. మీ ఇంట్లోనూ ఇన్నాళ్ళూ చూడకుండా ఉండిపోయిన చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. ఈ పూట కాస్త దగ్గర కూర్చుని చూడండి.