సహరీ కూడా ఇబాదతే

ధ్యాన భాగం: సూరా అల్ బఖరా, 183 నుంచి 187 వరకు ఆయతులు

రోజా విధిగా చేసిన ఈ ఐదు ఆయతుల్నీ ఒకేసారి కూర్చుని చదవండి. ఉపవాసం ఉండమన్న చోటే అల్లాహ్ తినమనీ తాగమనీ కూడా చెప్పాడు. జబ్బున పడ్డవాళ్లూ ప్రయాణంలో ఉన్నవాళ్లూ తర్వాత లెక్క పూర్తి చేసుకోవచ్చన్నాడు. తాను మనకు కోరేది సులువే గాని కష్టం కాదని 185వ ఆయతులో తెలియజేశాడు. 187లో, తెల్లవారుజామున తెల్లపోగు నల్లపోగు నుంచి విడివడి కనిపించేదాకా తినడానికి అనుమతి ఇచ్చాడు. పత్తి పండే నేల మనది, దూది ఏకి బతికిన నూర్‌బాషాల నేల. ఆ పోగు మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా సహరీని మనం తేలిగ్గా తీసుకుంటాం. రాత్రి పొద్దుపోయేదాకా తినేసి, నీయత్ చేసుకుని పడుకుని, ఇక ఫజర్‌కే లేచేవాళ్లు ఎంతోమంది. అలా ఉంటే ఎక్కువ పుణ్యమని కొందరి నమ్మకం కూడా. కానీ సహరీ భోజనంలో బరకత్ ఉందని ప్రవక్త (స) చెప్పిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆయన సహరీకీ ఫజర్‌కీ మధ్య యాభై ఆయతులు చదివేంత వ్యవధే ఉండేదని జైద్ బిన్ సాబిత్ (ర) చెప్పారు.

మన నల్లపాడులో ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు సరిగ్గా మిరప కోతల్లో పడుతోంది. 2025లో మార్చి మొదట్లో వచ్చింది, 2026లో ఫిబ్రవరిలోనే వచ్చేసింది. కల్లాల నిండా ఎర్రటి కాయ. తాలుకాయ ఏరే ఆడవాళ్లు ముక్కుకు కొంగు బిగించుకుని కూర్చుంటారు. ఘాటుకు తుమ్ములు, దగ్గు, గొంతు పిడచకట్టుకుపోవడం. అయినా చుక్క నీళ్లు ముట్టరు. గుంటూరు యార్డులో ముఠా కూలీలు అదే ఎండలో టిక్కీలు మోస్తారు. ఫజర్ నుంచి మగ్రిబ్ దాకా దాదాపు 13 గంటలు. అంత చాకిరీ చేసే ఒంటికి సహరీలో ఏం పెడుతున్నామో ఆలోచించుకోవాలి.

కారం లేందే మనకు ముద్ద దిగదు. కానీ సహరీలో పండుమిరప పచ్చడీ, ఊరగాయా, వేపుడూ వేసుకుంటే ఆ ఉప్పుకు ఎండెక్కకముందే దాహం పట్టుకుంటుంది, ఆ కారం పగలంతా కడుపులో మంట పెడుతుంది. ఈ నెల రోజులూ మన పంటను మనమే కాస్త దూరం పెడదాం. జొన్నరొట్టె, ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు, పెరుగన్నం, అరటిపండు నిదానంగా అరిగి మధ్యాహ్నం దాటేదాకా ఆసరా అవుతాయి. నీళ్లు అజాన్ ముందు గబగబా చెంబెడు తాగేకన్నా ఇఫ్తార్ నుంచి కొద్దికొద్దిగా తాగుతూ ఉండటం మేలు.

ఖర్జూరం, అది లేకపోతే నాలుగు గుక్కల నీళ్లు, ఆ తర్వాత మగ్రిబ్ నమాజు. ప్రవక్త (స) ఇఫ్తార్ అలాగే ఉండేది. మనం బజ్జీలతో మొదలుపెట్టి, సమోసాలు, హలీం అయ్యాక మళ్లీ బిర్యానీకి కూర్చుంటాం. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు ఊపిరికి అని తిర్మిజీలో హదీసు ఉంది. తరావీహ్‌లో ఆయాసం లేకుండా రుకూకి వంగాలంటే ఊపిరికి విడిచిన ఆ చోటే అక్కరకొస్తుంది.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టరుకు చూపించుకుని మందుల వేళలు మార్చుకోవాలి. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని వైద్యులు చెబుతున్నారు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసుకున్నంత మాత్రాన రోజా పోదు. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే, ఇంకో గంటేగా అని బిగబట్టుకు కూర్చోవద్దు. పగలు రోజాలతో, రాత్రుళ్లు నమాజులతో గడిపేస్తున్న అబూ దర్దా (ర)ను సల్మాన్ ఫార్సీ (ర) ఆపి, నీ ఒంటికీ ఇంటివాళ్లకూ కూడా నీ మీద హక్కు ఉందన్నారు. సల్మాన్ చెప్పింది నిజమని ప్రవక్త (స) అన్నారు.

ఆ ఇంటివాళ్ల హక్కు మన సహరీలోనే కనిపించాలి. అందరికన్నా ముందు లేచి పొయ్యి వెలిగించేది ఇంటి ఇల్లాలు. అందరికీ వడ్డించి, అజాన్ వినపడబోతుండగా నిలబడి నాలుగు ముద్దలు మింగేదీ ఆమే. పగలు కల్లంలో కూర్చునేదీ చాలా ఇళ్లల్లో ఆమే. వంటకాలు రెండు తగ్గించుకుంటే ఆమె కూడా మనతోపాటు కూర్చుని తింటుంది.

దుఆ: యా అల్లాహ్, మా రోజాలను కబూల్ చెయ్యి. కల్లాల్లో, యార్డులో ఎండకు మాడుతూ రోజా ఉన్నవాళ్ల ఒంట్లో సత్తువ నిలుపు. ముసలితనం వల్ల, తీరని జబ్బు వల్ల రోజా ఉండలేక కుమిలిపోయే పెద్దవాళ్ల మనసుకు ఊరట ఇవ్వు. రోజుకొక పేదవాడికి అన్నం పెట్టి వాళ్లు చెల్లించే ఫిద్యాను మా ఆకలితో సమానంగా స్వీకరించు. ఆమీన్.