తేనెపిట్టకు ఏం కావాలి

బేగంపేట

చి. అమ్ములుకు,

మీ బాల్కనీలో పక్షుల కోసం రోజూ బిస్కెట్ పొడి, గిన్నెలో చక్కెర నీళ్లు పెడుతున్నానని రాశావు. నీ మంచి మనసుకు సంతోషించాను. అయితే తల్లీ, పెట్టే ముందు ఎదుటి ప్రాణికి ఏది అవసరమో తెలుసుకోవాలి. తెలుసుకోకుండా పెడితే మన ముచ్చట తీరుతుంది గానీ దాని ఆకలి తీరదు.

ఇక్కడ మా సందులో మునగ పూసిందంటే తేనెపిట్టల సందడే. తోకతో కలిపినా పది సెంటీమీటర్లుంటుందేమో ఆ పిట్ట. వంపు తిరిగిన సన్నని ముక్కును పువ్వులోకి దించి తేనె పీలుస్తుంది. మందారంలాంటి పెద్ద పువ్వయితే దాని మొదలు దగ్గర చిల్లు పొడిచి తాగుతుంది. ఇది అందరూ చూసేదే. సాలీళ్లనూ చిన్న చిన్న పురుగులనూ కూడా తింటుందని మాత్రం ఎక్కువమంది గమనించరు. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లీ తండ్రీ పొద్దంతా వాటినే ఏరి తెచ్చి నోట్లో పెడతాయి. పిల్లల ఒళ్లు ఎదగాలంటే మాంసకృత్తులు కావాలి. అవి పూదేనెలో దాదాపు ఉండవు, చక్కెర నీళ్లలో అసలే ఉండవు. హిమాలయాల దేవదారు అడవుల్లో గింజలు దాచుకుని చలికాలం గడిపే టిట్ అనే చిట్టి పిట్ట కూడా పిల్లలకు గొంగళిపురుగులే పెడుతుంది.

తేనెపిట్ట గూడు సంగతీ చెప్పాలి. నారపోగులనూ ఎండుటాకులనూ సాలెపట్టుతో బిగించి, కొమ్మకో ఇంటి ముందు తీగకో వేలాడదీస్తుంది. అంటే సాలీడు దానికి తిండీ, ఇల్లు కట్టుకునే సరంజామా కూడా. మీ బాల్కనీలో మందార మొక్కకు పురుగుమందు కొట్టి, పక్కనే చక్కెర నీళ్లు పెట్టడం, పసిపిల్ల ముందున్న అన్నం కంచం లాగేసి చేతిలో మిఠాయి పెట్టడమే.

బిస్కెట్ పొడికి బదులు గింజలూ గుప్పించకు. వాటికి పావురాలు గుంపుగా చేరతాయి. పావురాల రెట్ట ఎండి గాలిలో కలిస్తే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

దోమల భయంతో మందు కొడుతున్నామంటావేమో. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మా బేగంపేటలోనే. ఎన్నో దోమలను కోసి, సూక్ష్మదర్శిని ముందు ఓపికగా కూర్చున్నాకే అది ఆయనకు దొరికింది. మనమూ అలా ఓపికగా చూస్తే, దోమ పెరిగేది నిలవ నీటిలో, మందార ఆకుల మీద కాదని తెలుస్తుంది.

కనుక ఆ చక్కెర నీళ్లు పారబోసి, గిన్నె కడిగి మంచినీళ్లు పొయ్యి. రోజూ మార్చు. మొక్కకు మందు ఆపించు. బాల్కనీ మూలనున్న సాలెగూడును దులపకండి. మీ అమ్మ కోప్పడితే తాతయ్య చెప్పాడని చెప్పు.

ఇట్లు,
తాతయ్య